ఆ పురుగును మొదట చూసిందెవరు?

ఊరి బయట వయ్యారిభామ మొక్క కనిపించిందని మీరు ఫొటో తీసి వ్యవసాయ అధికారికి పంపారనుకోండి. ఆయన నవ్వుకుంటారు. అది లేని ఊరెక్కడుంది? రోడ్డు పక్కన, స్కూల్ గ్రౌండ్‌లో, రైలు పట్టాల వెంట, ఎక్కడ చూసినా అదే. తాకితే దురద, పుప్పొడి పీలిస్తే ఆయాసం, గేదె తింటే పాలు చేదు.

మరి అదే ఫొటో డెబ్బై ఏళ్ల కిందట ఎవరైనా పంపి ఉంటే? మన దేశంలో ఈ మొక్క విజృంభణను శాస్త్రవేత్తలు గమనించింది 1950ల్లో, పుణె దగ్గర. అప్పుడది కొన్ని మొక్కల సంగతి. చేత్తో పీకి తగలబెట్టేస్తే సరిపోయే రోజులు కూడా ఒకప్పుడు ఉండే ఉంటాయి. ఆ రోజుల్లో దాని పక్క నుంచి నడిచి వెళ్లినవాళ్లు "ఇదేదో కొత్త మొక్కలా ఉందే" అనుకునే ఉంటారు. అనుకుని ఇంటికెళ్లిపోయి ఉంటారు.

చెరువుల్ని కప్పేసిన గుర్రపు డెక్క, బీడు భూముల్ని మింగేసిన సర్కారు తుమ్మ... వీటి కథ కూడా అంతే. ఒక పరాయి మొక్కకో పురుగుకో ఊరంతా కలిసి ముద్దుపేరు పెట్టిందంటే దాన్ని తరిమేసే టైమ్ దాటిపోయినట్టే. అసలు టైమ్ దానికి పేరు కూడా లేనప్పుడే ఉంటుంది. అప్పుడు దాన్ని చూసేది సైంటిస్టు కాదు. పొలంలో కలుపు తీసేవాళ్లు, చెరువులో వల వేసేవాళ్లు, మేడ మీద బట్టలు ఆరేసేవాళ్లు. ఇప్పుడు వాళ్లందరి చేతుల్లోనూ కెమెరా ఉంది. అందుకే ఈ కథనం.

మిరపకాయ కూడా పరాయిదే!

ముందు ఒక అనుమానం తీర్చేసుకుందాం. బయటి నుంచి వచ్చినవన్నీ చెడ్డవేనా? అలా అంటే మన ఆవకాయలో కారం ఉండకూడదు. మిరప పుట్టిల్లు అమెరికా ఖండం. పోర్చుగీసు ఓడలెక్కి వచ్చింది. టమాటా, బొప్పాయి, జామ కూడా అటు నుంచి వచ్చినవే. అవి మనతో కలిసిపోయాయి.

సమస్య ఇంకో రకంతో. పుట్టింటి దగ్గర ప్రతి పురుగుకీ దాన్ని తినే శత్రువు ఒకటుంటుంది. ఓడలోనో, నర్సరీ మొక్కతోనో, చెక్కపెట్టెలోనో అది ఇంకో దేశం చేరినప్పుడు ఆ శత్రువు వెంట రాదు. కొత్తచోట అడ్డు చెప్పేవాళ్లుండరు, తిండికి లోటుండదు. ఇక పెరగడమే పని. స్థానిక జీవుల్నీ పంటల్నీ మనుషుల్నీ ఇబ్బంది పెట్టే స్థాయికి వచ్చాక దాన్ని ఇన్వేసివ్ అంటారు. తెలుగులో చొరబాటు జాతి అనుకుందాం.

ఐక్యరాజ్య సమితి అండతో పనిచేసే జీవవైవిధ్య వేదిక ఐపీబీఈఎస్ 2023లో దీనిపై పెద్ద నివేదిక ఇచ్చింది. మనుషుల వల్ల ప్రపంచమంతటా కొత్తచోట్లకు చేరి స్థిరపడిన జాతులు 37,000 పైనే. వాటిలో హాని చేస్తున్నట్టు తేలినవి 3,500 పైచిలుకు. అంటే పదింట ఒక్కటి. ఆ ఒక్కటీ చేసే నష్టం మాత్రం 2019 లెక్కల ప్రకారం ఏడాదికి 42 వేల కోట్ల డాలర్లు దాటింది.

ఆ నష్టం ఎలా ఉంటుందో చూడాలంటే విదేశాలకు పోనక్కర్లేదు. నేను పుట్టి పెరిగిన వైపే చూశాను.

పువ్వులో నల్ల చుక్కలు

మాది గుంటూరు దగ్గర. మిర్చి యార్డు మీదుగా బస్సు వెళ్తుంటే ముక్కుకి చున్నీ అడ్డం పెట్టుకోవడం చిన్నప్పటి నుంచీ అలవాటు. మా మామయ్యది చిలకలూరిపేట వైపు పల్లెటూరు. మిరప తప్ప ఇంకో పంట మీద ఆయనకి మనసు పోదు. ఈ కథనం రాయడానికి ముందు ఆయన్నే అడిగాను.

"మామయ్యా, ఆ నల్ల తామర పురుగును నువ్వు మొదట ఎప్పుడు చూశావు?"

"అందరూ గోల పెట్టకముందే చూశానమ్మా. శివరాత్రి ఇంకా రాలేదు."

ఫోన్ తీసి, మనవరాలి ఫొటోలూ పెళ్లి ఫొటోలూ దాటుకుంటూ వెనక్కి వెనక్కి జరిపి ఒకచోట ఆగారు. అరచేతిలో తెల్లటి మిరప పువ్వు. లోపల పెన్ను మొనతో చుక్కలు పెట్టినట్టు నల్లగా ఏవో. కింద తేదీ చూశాను. 2021 ఫిబ్రవరి.

"ఫొటో తీశావు కదా, ఎవరికైనా పంపావా?"

"ఎవరికి పంపాలే? మందుల కొట్లో చూపించా. తామర పురుగే, ఈ మందు కొట్టు అన్నాడు. కొట్టా. తగ్గలా. ఇంకోటిచ్చాడు. అదీ కొట్టా."

నిజానికి తామర పురుగు మిరప రైతుకి కొత్త కాదు. పాత రకం ఆకుల మీద ఉంటుంది. రసం పీలిస్తే ఆకు పైకి ముడుచుకుంటుంది. దాన్ని పై ముడత అంటారు, అది చూడగానే గుర్తుపడతారు. కొత్తగా వచ్చింది మాత్రం పువ్వుల్లో కాపురం పెట్టింది. పొడవు ఒక మిల్లీమీటరు. గుంపులుగా పువ్వులో చేరి గీరి రసం పీల్చేస్తే పువ్వు రాలిపోతుంది. పువ్వు రాలితే కాయ లేదు. చెట్టు పచ్చగానే నిలబడి ఉంటుంది, కాపు ఉండదు.

దాని శాస్త్రీయ నామం త్రిప్స్ పార్విస్పైనస్. ఆగ్నేయాసియా వైపు నుంచి వచ్చింది. మన దేశంలో మొదట దొరికింది 2015లో, బెంగళూరులో, బొప్పాయి మీద. ఆ తర్వాత 2021 తొలి నెలల్లో గుంటూరు జిల్లా మిరప తోటల్లో కనిపించింది. అదే ఏడాది నవంబరు, డిసెంబరు వచ్చేసరికి ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, కర్ణాటకల్లో మిరప పొలాలను ఊడ్చేసింది. ఖమ్మం, మహబూబాబాద్, వరంగల్ వైపు రైతులు ఎదిగిన తోటల్ని ట్రాక్టర్లతో దున్నేశారు. అప్పుల్లో కూరుకుపోయి ప్రాణాలు తీసుకున్న రైతులూ ఉన్నారు.

మా మామయ్య పంపే ఒక్క ఫొటోతో ఇదంతా ఆగిపోయేదని నేననను. కానీ తేదీలు ఒకసారి పక్కపక్కన పెట్టి చూడండి. ఫిబ్రవరికీ నవంబరుకీ మధ్య తొమ్మిది నెలలు. ఆయనలాగే ఆ పువ్వును చూసి "ఇదేంటబ్బా" అనుకున్న రైతులు పక్క మండలాల్లో ఎంతమంది ఉండి ఉంటారు? ఆ ఫొటోలన్నీ ఊరి పేరుతో, తేదీతో ఒకే మ్యాప్ మీదకి చేరి ఉంటే, తర్వాతి నారు పోయకముందే జాగ్రత్తపడే వీలుండేది. చివరి కోత అయ్యాక మోళ్లు పీకేయడం, మొదటి నుంచే నీలి రంగు జిగురు అట్టలు కట్టడం, కనిపించిన మందల్లా కొట్టి ఆ పురుగును తినే మిత్ర పురుగుల్ని కూడా చంపుకోకపోవడం... ఇవన్నీ ముందే తెలిస్తే పనికొస్తాయి. తోట పోయాక తెలిస్తే ఏం లాభం?

ఆరు చెట్లు, ముప్పై వేల చెట్లు

ముందే తెలియడానికీ, ఆలస్యంగా తెలియడానికీ మధ్య తేడా ఎంతో చూపించే లెక్క ఒకటి అమెరికాలో ఉంది. ఒకటే రాష్ట్రం, ఒకటే పురుగు, రెండు ఊళ్లు.

రాష్ట్రం మసాచుసెట్స్. పురుగు ఏషియన్ లాంగ్‌హార్న్డ్ బీటిల్. నల్లటి ఒంటి మీద తెల్ల మచ్చలు, శరీరం కంటే పొడవైన మీసాలు. చైనా వైపు నుంచి సరుకుల చెక్కపెట్టెల్లో వచ్చింది. దీని పిల్లపురుగులు చెట్టు కాండాన్ని లోపల్లోపలే తొలిచేస్తాయి. మందు లోపలికి వెళ్లేలోపే చెట్టు డొల్లవుతుంది. పట్టిన చెట్టును నరికి ముక్కలు చేయడమే దారి.

వూస్టర్ అనే ఊళ్లో 2008లో ఒక మహిళ తన ఇంటి ఆవరణలో ఈ పురుగుల్ని చూసి అధికారులకు చెప్పారు. ఆమె చెప్పడం వల్లే బయటపడింది, కానీ అప్పటికే అవి ఏళ్ల తరబడి అక్కడ కాపురం చేస్తున్నాయి. చివరికి 30 వేలకు పైగా చెట్లు కొట్టేయాల్సి వచ్చింది. నీడ నిండుగా ఉన్న వీధులకి వీధులు బోసిపోయాయి.

రెండేళ్ల తర్వాత, 2010లో, బోస్టన్‌లో ఒక ఆసుపత్రి ఆవరణలోని చెట్లలో ఇదే పురుగు తోటపనివారి కంట పడింది. వెంటనే కబురు వెళ్లింది. పురుగు పట్టిన చెట్లు ఎన్నో తెలుసా? ఆరు. ఆ ఆరింటినీ తీసేసి, చుట్టుపక్కల చెట్లన్నీ గాలించి, 2014లో బోస్టన్‌లో ఈ పురుగు లేదని ప్రకటించారు.

ముప్పై వేలకీ ఆరుకీ మధ్య ఉన్నది ఖరీదైన యంత్రమేమీ కాదు. తోటలో పనిచేసేవాళ్లు చూశారు, చూసింది చెప్పారు, చెప్పింది విన్నారు. అంతే.

రెక్కలున్నదైతే?

ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పుకోవాలి. ముందే పసిగట్టినా అన్నిటినీ ఆపలేం. కత్తెర పురుగునే తీసుకోండి. అమెరికా ఖండానికి చెందిన ఈ పురుగు 2016లో ఆఫ్రికాలో కనిపించింది. 2018 మే నెలలో కర్ణాటకలోని శివమొగ్గ వైపు మొక్కజొన్నలో దొరికింది. ఆ ఖరీఫ్‌లోనే తెలుగు రాష్ట్రాల మొక్కజొన్న పొలాలకూ చేరింది. రెక్కల పురుగు దశలో ఇది గాలివాటున ఒక్క రాత్రిలో 100 కిలోమీటర్ల దాకా పోగలదు. దానికి చెక్‌పోస్టు పెట్టేదెవరు?

అయినా పేరు తెలియడం వృథా పోలేదు. పేరు తెలిస్తే దాని పుట్టిల్లు తెలుస్తుంది. పుట్టిల్లు తెలిస్తే దాని శత్రువు దొరుకుతుంది. బొప్పాయి పిండినల్లి కథ అలాంటిదే. 2008లో కోయంబత్తూరులో బయటపడిన ఈ తెల్లటి పురుగు బొప్పాయి, మల్బరీ, టేకు తోటల్ని పిండి చల్లినట్టు కప్పేసింది. ఏ మందూ దాన్ని లొంగదీయలేదు. అది మెక్సికో, మధ్య అమెరికా వైపు పురుగని తేలాక, దాన్ని మాత్రమే వెతికి చంపే బుల్లి కందిరీగల్ని 2010లో ప్యూర్టోరికో నుంచి తెప్పించి వదిలారు. నెలల్లోనే పిండినల్లి అదుపులోకి వచ్చింది.

తప్పు ఫొటోలూ పనికొస్తాయి

"నేను పంపింది మామూలు పురుగైతే నవ్వరా?" అని మా తమ్ముడు అడిగాడు. ఇంజినీరింగ్ థర్డ్ ఇయర్. వాడి భయం మీలో చాలామందికి ఉండే ఉంటుంది.

వాడికి నేను చెప్పిన కథ ఇది. 2019 డిసెంబరులో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో ఆసియా పెద్ద కందిరీగ ఒకటి చచ్చిపడి ఉండగా ఒక ఇంటివాళ్లకు దొరికింది. తేనెటీగల పట్టు మీద దాడిచేస్తే గంటల్లో పట్టును ఖాళీ చేయగల రకం. వాళ్లు రిపోర్ట్ చేశారు. అక్కడి వ్యవసాయ శాఖ జనాన్నంతా "మీకు కనిపిస్తే పంపండి" అని అడిగింది. వేల ఫొటోలు వచ్చాయి. వాటిలో దాదాపు అన్నీ వేరే పురుగులే. అయినా వాళ్లు విసుక్కోలేదు. ఆ గుట్టలో ఉన్న కొన్ని నిజమైన ఫొటోలే దారి చూపించాయి. దొరికిన కందిరీగకు బుల్లి ట్రాన్స్‌మిటర్‌ను పళ్లు తోముకునే దారంతో కట్టి వదిలి, అది ఎగిరి వెళ్లిన గూడును పట్టుకున్నారు. 2020లో ఒక గూడు, 2021లో మూడు. తర్వాత ఎక్కడా కనిపించలేదు. 2024 డిసెంబరులో అమెరికాలో ఈ కందిరీగ లేదని అధికారికంగా ప్రకటించారు.

కాబట్టి వంద ఫొటోల్లో తొంభైతొమ్మిది మామూలువే అయినా పర్లేదు. చేయకూడని పని ఒక్కటే. కొత్తగా కనిపించింది కదా అని చెప్పుతో కొట్టేయడం, "డేంజర్ పురుగు, షేర్ చేయండి" అని వాట్సాప్‌లో తిప్పడం. మన సొంత పురుగులు బోలెడు ఇలాగే అన్యాయంగా చచ్చిపోతున్నాయి.

పనికొచ్చే ఫొటో ఎలా ఉండాలి?

రీల్‌కి పనికొచ్చే ఫొటో వేరు, పరిశోధకుడికి పనికొచ్చే ఫొటో వేరు. నేను పాటించేవి చెప్తాను.

ఒక్కటి కాదు, మూడు నాలుగు తీయండి. పై నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి, అది ఉన్న ఆకు లేదా పువ్వుతో కలిపి ఒకటి, మొత్తం చెట్టుది ఒకటి.

పక్కన రూపాయి బిళ్లో స్కేలో పెట్టండి. సైజు తెలియకపోతే ఎంత క్లియర్ ఫొటో అయినా సగం సమాచారమే.

తామర పురుగులాంటి చిన్నవైతే తెల్ల కాగితం మీద పువ్వును తట్టండి. కాగితం మీద పాకుతున్నప్పుడు దగ్గరగా తీయండి. ఫిల్టర్లు వద్దు. రంగు మారితే జాతే మారిపోతుంది.

తేదీ, ఊరు, ఏ మొక్క మీద ఉంది, ఎన్ని ఉన్నాయి... ఇవి తప్పనిసరి. ఒకటి కనిపించిందా, వందలు కనిపించాయా అన్నది చాలా తేడా.

పురుగును సీసాలో వేసుకుని వేరే ఊరు తీసుకెళ్లొద్దు. మీరే దాన్ని కొత్త ఊరికి మోసుకెళ్లినట్టవుతుంది. నమూనా కావాలంటే అధికారులే అడుగుతారు.

ఇంకో విషయం. ఫొటో చూసి అన్నిటికీ పేరు చెప్పలేరు. నల్ల తామర పురుగు ఫలానా జాతే అని తేల్చాలంటే మైక్రోస్కోప్ కింద పెట్టాల్సిందే. మీ ఫొటో పని ఆ మైక్రోస్కోప్ ఉన్న మనిషిని మీ పొలం దాకా రప్పించడం.

ఎవరికి చెప్పాలి?

మా మామయ్య అడిగిన ప్రశ్న ఇదే కాబట్టి దీనికి సూటిగా జవాబు చెప్తాను.

పంట మీద కనిపిస్తే మొదట ఊళ్లోని వ్యవసాయ సిబ్బందికి. ఆంధ్రప్రదేశ్‌లో రైతు సేవా కేంద్రం, తెలంగాణలో ఏఈఓ. జిల్లాలోని కృషి విజ్ఞాన కేంద్రానికి కూడా చూపించొచ్చు. మిరప సంగతైతే గుంటూరు దగ్గర లాంలో పరిశోధన కేంద్రం ఉంది. కిసాన్ కాల్ సెంటర్ నంబరు 1800-180-1551 టోల్‌ఫ్రీ, తెలుగులో మాట్లాడతారు. కేంద్ర ప్రభుత్వం 2024 ఆగస్టులో తెచ్చిన ఎన్‌పీఎస్‌ఎస్ యాప్‌లో తెగులు పట్టిన మొక్క ఫొటో అప్‌లోడ్ చేయొచ్చు.

పొలం కాక ఇంకెక్కడ కనిపించినా ఐనాచురలిస్ట్ యాప్ ఉంది. 2008లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీ విద్యార్థుల ప్రాజెక్టుగా మొదలై ఇప్పుడు ప్రపంచమంతా వాడుతున్నారు. ఫ్రీ. మన దేశానిదే కావాలంటే ఇండియా బయోడైవర్సిటీ పోర్టల్ ఉంది. ఫొటో పెడితే యాప్ ఒక పేరు సూచిస్తుంది. దాన్ని గుడ్డిగా నమ్మొద్దు. తెలిసినవాళ్లు చూసి సరేనన్నాకే అది పక్కా రికార్డు అవుతుంది. ఇంటి లొకేషన్ బయటపడుతుందని భయముంటే మ్యాప్‌లో కచ్చితమైన చోటు దాచే ఆప్షన్ కూడా ఉంది.

మా మామయ్య ఫోన్లో రైతు సేవా కేంద్రం నంబరు, కాల్ సెంటర్ నంబరు సేవ్ చేసి వచ్చాను. "పురుగు" అని టైప్ చేస్తే రెండూ వస్తాయి. మీ ఇంట్లో పెద్దవాళ్ల ఫోన్లోనూ అలా సేవ్ చేసి పెట్టండి. రెండు నిమిషాల పని.

కనిపిస్తే ఒక ఫొటో!

కత్తెర పురుగు: మొక్కజొన్న సుడిలో ఉండే పిల్లపురుగు. తల మీద తిరగేసిన ఇంగ్లీష్ 'వై' ఆకారం, తోక దగ్గర చతురస్రంలా నాలుగు నల్ల చుక్కలు. ఈ రెండూ ఉంటే అదే.

ఆఫ్రికా నత్త: అరచేతి పొడవు పెరిగే గోధుమరంగు చారల నత్త. వానకి, రాత్రిపూట బయటికొస్తుంది. 1847లో కలకత్తాకి చేరింది. మెదడు పొరల వాపు తెచ్చే పరాన్నజీవి దీనిలో ఉండొచ్చు. ఉత్త చేత్తో ముట్టుకోవద్దు, పిల్లల్ని ముట్టుకోనివ్వద్దు.

దెయ్యం చేప: అక్వేరియం అద్దాలు శుభ్రం చేస్తుందని కొనే సక్కర్ ఫిష్. ఒంటి నిండా గట్టి పలకలు, ముళ్లు. దక్షిణ అమెరికాది. చెరువులో పడితే వలలు చించుతుంది, గట్లకు బొరియలు చేస్తుంది. తూర్పు కనుమల నీళ్లలో ఇది ఉందో లేదో హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు నీటిలోని డీఎన్‌ఏ ఆనవాళ్లతో వెతికారు. మీ ఊరి చెరువులో వలకి తగిలితే ఫొటో తీయండి. మీ అక్వేరియంలో ఉంటే మాత్రం చెరువులో వదలకండి.

ఎర్రచెవుల తాబేలు: కంటి వెనక ఎర్ర చార ఉంటుంది. కొన్నప్పుడు రూపాయి బిళ్ల కంటే కాస్త పెద్దది, పెరిగితే అన్నం పళ్లెమంత. పెంచలేక గుడి కోనేట్లో వదిలేస్తుంటారు. అక్కడ మన తాబేళ్ల తిండినీ చోటునూ లాక్కుంటుంది. ఈసారి కోనేటికి వెళ్లినప్పుడు గట్టు మీద ఎండ కాగుతున్న తాబేళ్ల కళ్ల వెనక ఒకసారి చూడండి.